పద్నాలుగు రోజుల నీళ్ళు

ఇరవై రెండు రోజుల్లో నేను చేసిన ప్రయాణం, పోను మాత్రమే లెక్కేస్తే, నలభై మూడు కిలోమీటర్లు. దీన్ని యాత్ర అంటే మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వనీ. దూరదేశాలు తిరిగొచ్చినవాళ్ళు బస్సు కిటికీలోంచి చూసిన కొండల పేర్లు వరసగా చెబుతారు. నేను ఒక్క చోట పంతొమ్మిది రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని చూసింది చెబుతాను. తేదీలు, కొలతలు, ధరలు ఎప్పటికప్పుడు నా పుస్తకంలో రాసుకున్నవే. వాటిలో తప్పులుండవు. ఒక్కటి ఉంది. అది ఎక్కడో నేనే చెబుతాను.

నాకు డెబ్బై రెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు ఒక బడి ఆఫీసులో హాజరు పట్టీలు రాశాను. యలహంక పాత ఊళ్ళో ఉంటాను. మా అబ్బాయి ప్రేమ్, కోడలు కరుణ, వాళ్ళ కూతురు ఎనిమిదేళ్ళ ఎస్తేరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ళు. పోయిన మార్చిలో ఆ ఫ్లాటు అద్దెకిచ్చేసి, ఫ్యాక్టరీ పనివాళ్ళను మోసిన పాత మినీ బస్సు ఒకటి కొన్నారు. లోపల పడకలు, పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టించి క్యారవాన్ చేసుకున్నారు. పేద సంఘం ఎక్కడ చర్చి కట్టుకుంటుంటే అక్కడికి పోతారు. పని పూర్తయ్యేదాకా వాళ్ళతో కలిసి మట్టి మోస్తారు, ఇటుకలు అందిస్తారు, వాళ్ళు పెట్టింది తింటారు. కూలి తీసుకోరు. ప్రేమ్ వారానికి మూడు రోజులు బండిలోనే కూర్చుని కంపెనీ పని చేస్తాడు. ఎస్తేరు చదువూ బండిలోనే.

ఆ బండిలో నాలుగో మనిషి సుగుణమ్మ. కరుణ తల్లి, నా వియ్యపురాలు. హిందూపురం వైపు మనిషి. భర్త మేస్త్రీ. ఆయన పోయేదాకా ఆయన వెనకాలే తాపీపనికి కూలీగా పోయింది. చదువు లేదు. మేస్త్రీ కూతురు మనకెందుకని నేను పెళ్ళప్పుడు మూడు నెలలు అడ్డం పడ్డాను. ఇప్పుడు ఆ మేస్త్రీ భార్య నా కొడుకు బండిలో తిరుగుతోంది. నేను ఇంట్లో క్యాలెండరు చూసుకుంటూ కూర్చున్నాను. పదకొండు నెలల్లో ఎస్తేరు నాకు ఫోన్ చేసింది ఇరవై ఆరుసార్లు. అందులో ఇరవైసార్లు "అవ్వ ఈరోజు ఏం చేసిందో తెలుసా" అన్న మాటతోనే మొదలు. అవ్వ అంటే సుగుణమ్మ.

అందుకే ప్రేమ్ "అమ్మా, నువ్వు కూడా రా, రెండు మూడు వారాలు" అనగానే మాత్రలు సర్దుకున్నాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆ పిల్ల ఒక్కసారి, ఎవరూ పంపకుండా, తనంతట తాను నా దగ్గరికి రావాలి.

యలహంక. ఫిబ్రవరి రెండు, సోమవారం

బండి మా సందులోకి పట్టలేదు. సందు చివర ఆగింది. ఇరుగుపొరుగు అందరూ బయటికొచ్చి చూశారు. అప్పటికి బాగానే ఉంది నాకు.

లోపల పొడవు పదిహేడడుగులు, వెడల్పు ఆరడుగులు. నాలుగు పడకలు. తలుపు పక్కన కింది పడక సుగుణమ్మది, దానికి ఆనుకుని ఎస్తేరుది. నేను రాగానే సుగుణమ్మ తన దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది.

"నువ్వు ఇక్కడ పడుకో వదినా. నాకు బయట చాప వేసుకుంటే సల్లగా ఉంటాది."

మర్యాదే. కాదనలేదు. ఆ సాయంత్రం నేను ఆ పడక మీద నడుం వాల్చేసరికి ఎస్తేరు తన దిండు తీసుకుని అవ్వ వెనకాలే బయటి చాప మీదికి పోయింది. పడక నాకు దక్కింది. పడక పక్కన ఉండాల్సింది పోయింది.

అంతకుముందే ఇంకోటి జరిగింది. ఇంటి నుంచి గోంగూర ఊరగాయ కిలోన్నర సీసాలో తెచ్చాను. హైవే ఎక్కకముందే సిగ్నల్ దగ్గర ప్రేమ్ గట్టిగా బ్రేకు వేశాడు. సీసా దొర్లి మూత వదులైంది.

"అప్పా, బండి ఆపప్పా!" సుగుణమ్మ కేక. "కింద నూనె పారతా ఉండాది."

నేను పాత చీర ముక్క కోసం సంచిలో వెతుకుతున్నాను. ఆమె సీటు కింది నుంచి ఒక డబ్బా లాగి, పిడికెడు బూడిదరంగు పొడి నూనె మీద చల్లింది.

"అదేంటి?"

"సిమెంటు వదినా. తడి తగలకుంటే అది నూనెను బాగా పీల్చేస్తాది. నీ చీర ఎందుకు పాడు చేసుకుంటావు?"

గోంగూర ఊరగాయ మీద సిమెంటు చల్లడం నా జన్మలో చూస్తాననుకోలేదు. నాలుగు నిమిషాల తరవాత చీపురుతో ఊడ్చేసింది. మరక లేదు. ఎస్తేరు చప్పట్లు కొట్టింది. ఆ ఊరగాయ పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టిందని ఎవరికీ గుర్తు లేదు.

దేవనహళ్ళి. మంగళవారం

కోట గోడ నీడన బండి ఆపారు. ప్రేమ్‌కి మధ్యాహ్నం దాకా మీటింగులున్నాయి. నేను, సుగుణమ్మ, ఎస్తేరు ముగ్గురం తిరగడానికి బయలుదేరాం.

కోట గోడ వెంట నడుస్తూ నేను అడుగులు లెక్కపెట్టి, ఈ వైపు గోడ ఎంత పొడవుందో ఎస్తేరుకు చెప్పబోయాను. "ఒక్క నిమిషం నాన్నమ్మా" అంది. సుగుణమ్మ అరచేత్తో గోడను తడుతోంది. "ఇదో చూడు పాపా, ఈ రాయికీ ఆ రాయికీ మధ్య వెంట్రుక దూరదు. మీ తాత ఇట్లాంటి పని చూస్తే ఆ దినం అన్నం తినేవాడు కాదు. నాకెందుకు రాలేదీ పని అని కూర్చునేవాడు." పిల్ల కూడా రాళ్ళ సందుల్లో గోరు పెట్టి చూసింది. నేను రెండు వందల పన్నెండు అడుగుల దగ్గర లెక్క ఆపేశాను.

దేవనహళ్ళికి వెళ్ళి చక్కోత, అదే పంపరపనస, కొనకుండా రాకూడదు. పిల్ల తలకాయంత ఉంటుంది, లోపల గులాబీ రంగు తొనలు. రోడ్డు పక్కన అమ్మే ఆవిడ కాయ డెబ్బై అంది. నేను పది నిమిషాలు నిలబడి అరవైకి రెండు తీసుకున్నాను. ఆ పది నిమిషాలూ సుగుణమ్మ బుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఆవిడతో కన్నడంలో ఆమె మోకాలి నొప్పి సంగతి మాట్లాడింది. లేచేటప్పుడు ఆవిడ సుగుణమ్మ చేతిలో ఒక కాయ పెట్టింది, ఊరికే. నా రెండిటికన్నా పెద్దది.

మధ్యాహ్నం హోటల్లో ముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే బస్సారు. పళ్ళెం ఎనభై రూపాయలు. నేను బెంగళూరులో పుట్టినదాన్ని, రాగి ముద్ద నాకు కొత్త కాదు. ముద్దను నమలకుండా సారులో ముంచి మింగాలని ఎస్తేరుకు రెండేళ్ళు చెప్పాను. బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్ళూ "ఛీ, మట్టిలా ఉంది" అని పళ్ళెం తోసేసేది. ఆ రోజు రెండు ముద్దలు తింది.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"అవ్వ. నమిలితే ముద్దకు కోపమొస్తుందట!"

నేనూ ఆ మాటే చెప్పి ఉంటే బాగుండేది. నేను జీర్ణం గురించి చెప్పాను.

పోత. గురువారం

దేవనహళ్ళికి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల, ద్రాక్షతోటల మధ్య ఊరది. ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడే మనుషులు. నలభై రెండు కుటుంబాల సంఘం. బెంగళూరు విమానాశ్రయం దగ్గరే, ప్రతి ఏడెనిమిది నిమిషాలకొక విమానం నెత్తి మీదుగా దిగుతుంది. పాస్టరు యోహాను ముప్పై దాటని కుర్రవాడు. విమానం వచ్చినప్పుడు ప్రార్థన మధ్యలో ఆగి, పోయాక అదే మాట దగ్గర అందుకుంటాడు.

చర్చి గోడలు లేచి ఉన్నాయి. లోపల ఇరవై అడుగులు, ముప్పై అడుగులు. పునాది నేల నుంచి ఇరవై అంగుళాల ఎత్తు. మెట్లు ఇంకా కట్టలేదు. అందరూ ఒక బండరాయి మీద కాలు పెట్టి ఎక్కేస్తున్నారు. నా మోకాళ్ళతో నాకది కుదరదు. ప్రతిసారీ ప్రేమ్ ఒక చెయ్యి, ఎవరో ఒకరు ఇంకో చెయ్యి పట్టి బస్తాను ఎత్తినట్టు ఎత్తేవారు.

గురువారం పైకప్పు పోత. వాళ్ళకొక ఆచారం ఉంది. మిక్సర్ మొదటి మాలు దించగానే సంఘంలో అందరూ, ముసలివాళ్ళ నుంచి పిల్లల దాకా, తలా ఒక ఇనుప బాండ్లీ కాంక్రీటు అందించాలి. ఆ తరవాతే అసలు పని మొదలు. మన వైపు శంకుస్థాపన రాయి మీద పెద్దల పేర్లు చెక్కిస్తారు. వీళ్ళ పేర్లు ఇలా కప్పులోకి పోతాయి, ఎవరికీ కనబడవు. నాకు సగం బాండ్లీ ఇచ్చారు. అదీ ఇద్దరు పట్టారు. సుగుణమ్మ నిండు బాండ్లీ ఒంటి చేత్తో నెత్తికెత్తుకుని నిచ్చెన ఎక్కిపోయింది. నాకన్నా ఆరేళ్ళే చిన్నది.

"నీ వియ్యపురాలు ఉంటే మాకు మిషను బాడుగ దండగమ్మా!" అన్నాడు మేస్త్రీ మునిశామి.

నేను కుర్చీలో కూర్చుని లెక్క రాశాను. సిమెంటు యాభై నాలుగు బస్తాలు. బాండ్లీలు ఎనిమిది వందల పన్నెండు. సాయంత్రం అయిదున్నరకు ముగిసింది.

కొత్త కప్పు మీద రోజూ నీళ్ళు నిలబెట్టాలి. నీళ్ళు తాగేకొద్దీ గట్టిపడుతుంది. కింద మోస్తున్న పలకలు, గుంజలు అంతదాకా తీయకూడదు.

"పద్నాలుగు దినాలు నిండనీ. పదైదో దినం పొద్దున ఊడదీస్తాం," అన్నాడు మునిశామి.

"లెక్క మా అమ్మ చూస్తుంది," అన్నాడు ప్రేమ్. "డేట్స్ విషయంలో మా అమ్మను మించినవాళ్ళు లేరు."

పాస్టరు నవ్వాడు. "ప్రభువు సమాధి నుంచి లేచిన లెక్కలో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటికి మూడు దినాలమ్మా. పోత పోసిన దినాన్ని కూడా కలుపుకోండి, బుధవారానికే అయిపోతాది."

"ఆయనకు ఆ లెక్క చాలింది పాస్టరుగారూ. సిమెంటుకు చాలదు. రేపు శుక్రవారం ఒకటి. పద్నాలుగు నిండేది పంతొమ్మిదో తేదీ గురువారం. ఇరవయ్యో తేదీ ఊడదీయండి."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఊళ్ళో నా పేరు లెక్కలమ్మ. ఒక్కసారి సుగుణమ్మ కన్నా ముందు నా పేరు పిలిచారు.

పైన, కింద

శుక్రవారం పొద్దున్నే సుగుణమ్మ కప్పు మీద నీళ్ళు చల్లింది. పగలంతా కూర్చుని మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి మడుల్లా చేసింది. సాయంత్రం పైపు పెట్టి నింపింది. అప్పటి నుంచి పూటపూటా అదే పని. కరెంటు లేని పూట బిందెతో మోసి పైనున్న నీలం డ్రమ్ములో పోసుకునేది. ఎస్తేరు తోక పట్టుకున్నట్టు వెనకే నిచ్చెన ఎక్కేది.

నేను పద్నాలుగు మెట్ల ఆ వెదురు నిచ్చెనను చూడడమే. కింద వేపచెట్టు పక్కన కుర్చీ, ఒళ్ళో పుస్తకం. పైనుంచి నవ్వులు వినబడేవి. ఏమన్నారో తెలిసేది కాదు. మాట వినబడకుండా నవ్వు మాత్రమే వినబడడం ఎంత చెడ్డదో ఎప్పుడైనా గమనించారా?

మూడో రోజు ఎస్తేరు పరుగెత్తుకుంటూ దిగివచ్చింది. నా గుండె లేచి కూర్చుంది.

"నాన్నమ్మా, నీ బుక్‌లో నుంచి పేపర్లు ఇవ్వవా? పైన పడవలు వదలాలి."

"అది లెక్కల పుస్తకం తల్లీ. చింపకూడదు."

"ఒక్కటే?"

"ఒక్కటి చింపినా కుట్టు వదులవుతుంది."

పిల్ల మళ్ళీ నిచ్చెన ఎక్కింది. కాసేపటికి పైనుంచి మళ్ళీ నవ్వులు. సుగుణమ్మ బాదంచెట్టు ఆకులతో పడవలు చేసిందట. ముప్పై నాలుగేళ్ళలో నేను హాజరు పట్టీలో ఒక్క పేజీ చింపలేదు. దానికి ఆఫీసులో మెచ్చుకున్నారు. ఇక్కడ ఎవరు మెచ్చుకుంటారు?

భోజనం వంతులవారీగా ఇళ్ళ నుంచి వచ్చేది. ఎక్కువగా ఉలవ సారు, ముద్ద. ఆదివారాలు కోడి. ద్రాక్షతోటలో పనిచేసే నంజమ్మ రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చునేది. తోటలో రోజుకు నాలుగు వందలు. ఉచితంగా ద్రాక్ష మాత్రం ఇవ్వరు, తింటే తిడతారు. ఆ సంగతి చెప్పి కొంగులోంచి గుప్పెడు ద్రాక్ష తీసి ఇచ్చేది.

"ఇరవయ్యో తేదీ మేము పన్నెండు మందిమి తోటకు రామని చెప్పేసినాం లెక్కలమ్మా. పలకలు ఊడదీసేదానికి. మా బదులు వేరేవాళ్ళను మాట్లాడుకున్నాడు మా ఓనరు."

ఇరవయ్యో తేదీ శుక్రవారం. శనివారం పొద్దున బండి కదులుతుంది. దారిలో నన్ను యలహంకలో దించి, వాళ్ళు రాయచూరు వైపు పోతారు, ఎనిమిది నెలల పనికి. పంతొమ్మిదో తేదీ వచ్చేసింది. ఎస్తేరు తనంతట తాను నా దగ్గరికి వచ్చింది ఆ కాగితాలకే.

గురువారం సాయంత్రం

ప్రేమ్ ఇటుక దుమ్ముతో వచ్చి నా కుర్చీ చెయ్యి మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇవాళ్టికి ఫోర్టీన్ డేస్ అయిపోయినట్టేగా? మునిశామికి ఫోన్ చేసేస్తా."

పుస్తకం తెరిచే ఉంది. బుధవారం ఎదురుగా పదమూడు. గురువారం ఎదురుగా ఖాళీ. అప్పుడే పైనుంచి ఎస్తేరు పకపకా నవ్వింది.

"ఇవాళ్టికి పదమూడే," అన్నాను.

"అదెలా? గురువారం పోశాం, ఇరవయ్యో తేదీ ఊడదీయమని నువ్వే అన్నావు కదా?"

"అప్పుడు తొందరపడి చెప్పాను. పోసింది గురువారం. గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టింది శుక్రవారం సాయంత్రం. నీళ్ళు నిలబడిన దగ్గర్నుంచి లెక్క. శనివారం ఒకటి."

లెక్క మొదలు మార్చాను. కూడికలో తప్పు చేయలేదు. ఎక్కడ నుంచి కూడాలో అది మార్చాను. ఒక్క రోజు జరిపితే పలకలు శనివారం ఊడతాయి. ఆదివారం వీళ్ళు బండి కదల్చరు. సోమవారందాకా ఇక్కడే. ఒక అబద్ధానికి రెండు రోజులు. నోరు తెరవకముందే అంతా లెక్క కట్టుకున్నాను.

"నువ్వు చెప్తే ఫైనల్," అన్నాడు ప్రేమ్.

పక్కనే ఉన్న నంజమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, పన్నెండు మందిమి రేపు ఊరికే కూర్చోవాల్నా?"

నాకు ఆ సంగతి గుర్తు రాక కాదు. గుర్తుండే అన్నాను.

సుగుణమ్మ తడిచిన కుచ్చిళ్ళతో నిచ్చెన దిగింది. "అత్తా, మీ లెక్కలో ఎన్ని రోజులైంది?" అని ప్రేమ్ అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

"లెక్క వదినది. నాకెందుకప్పా? ఒక దినం నీళ్ళు ఎక్కువ తాగితే స్లాబుకు నష్టమేమీ లేదు." నంజమ్మ వైపు తిరిగింది. "రేపు అందరూ రాండి. పని నేను చూపిస్తా."

గురువారం ఎదురుగా నేను మళ్ళీ పదమూడు రాశాను. ఒక పేజీలో రెండు పదమూళ్ళు.

శుక్రవారం

ఆ పన్నెండు మంది చేత సుగుణమ్మ చర్చి ముందు మెట్లు కట్టించింది. మిగిలిన ఇటుకలు, మిగిలిన సిమెంటు. తానే కూర్చుని వరస పెట్టింది. "ఏయ్ అక్కా, ఎవరి ఇంటి మెట్లే ఇవి? ఇంత పొట్టిగా?" అని నంజమ్మ ఎగతాళి చేసింది. "నీ నోరు పొడుగు గాని, చెయ్యి కదిలించు," అంది సుగుణమ్మ. సాయంత్రానికి పని అయింది. తడి గోనెసంచులు కప్పారు.

పూట పని ముగిసి అందరూ చేతులు కడుక్కుంటుంటే ఎస్తేరు వచ్చింది. ఎవరూ పంపలేదు. నా కుర్చీ పక్కన నిలబడింది.

"నాన్నమ్మా, ఒకటి చెప్తే కోప్పడకూడదు."

"చెప్పు తల్లీ."

"నీ లెక్క తప్పు."

నేను పుస్తకం మూశాను.

"అవ్వ పైన డ్రమ్ము మీద నా చాక్‌పీస్‌తో గీతలు గీస్తాది. రోజుకొకటి. నిన్ననే పద్నాలుగు. నేను అవ్వకు చెప్పా. అవ్వ ఏమందంటే, నాన్నమ్మ లెక్క తప్పదు, నేనే ఒకటి ఎక్కువ గీసింటా అని. చెయ్యి తడి చేసుకుని ఒకటి తుడిచేసింది." గొంతు తగ్గించింది. "కానీ అది సరిగ్గా పోలేదు. కనిపిస్తా ఉంది."

పంతొమ్మిది రోజులుగా నేను ఎదురుచూసింది ఇదే. పిల్ల తనంతట తాను వచ్చింది. నా అబద్ధం నాకు చెప్పడానికి వచ్చింది.

"ఇంకా నీళ్ళున్నాయా పైన?"

"ఉన్నాయి. రేపు పొద్దున వదిలేస్తారు."

పుస్తకం తెరిచి, రెండు పదమూళ్ళున్న ఆ పేజీని కుట్టు దగ్గర పట్టుకుని చింపాను. చప్పుడు పెద్దగానే వచ్చింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "పడవ చేసుకో," అన్నాను. అది నిచ్చెన ఎక్కుతూ అరిచింది: "అవ్వా! నాన్నమ్మ బుక్ చింపేసింది!"

ఆ సాయంత్రం సుగుణమ్మతో మాట్లాడదామని పోయాను. ఆమె దేవనహళ్ళి చక్కోత వలుస్తోంది, ఊరికే వచ్చిన కాయ. తొక్క దళసరిగా తీసి, పొర కూడా ఒలిచి, తొనలు నా చేతిలో పెట్టింది. ఆ గీత ఎందుకు తుడిచావని నా నోటితో అడగలేకపోయాను. కాయ తియ్యగా ఉంది. నేను బేరమాడి కొన్న రెండూ చేదు.

సాక్ష్యాలు. ఆదివారం

శనివారం పలకలు ఊడదీశారు. చివరికి మధ్య గుంజ కూడా తీశారు. కప్పు నిలిచింది. మునిశామి కింద నిలబడి పైకి చూసి, "ఇంక నిద్రపోవచ్చు," అన్నాడు.

ఆదివారం ఆ కప్పు కింద మొదటి ఆరాధన. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, కింద గోనెసంచుల మీద. నాకు కుర్చీ వేశారు. పాటలయ్యాక సాక్ష్యాల వేళ. మా యలహంక సంఘంలో సాక్ష్యమంటే ముందే పేరివ్వాలి, అయిదు నిమిషాలు మించకూడదు. ఇక్కడ ఎవరికి తోస్తే వాళ్ళు లేస్తారు. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన మేక దొరికిందని ఒకరు. మేకకు ఎక్కువ స్తోత్రాలు పడ్డాయి.

నేను లేచాను. నా మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"పద్నాలుగు రోజులు గురువారానికే నిండాయి," అన్నాను. "నేను తప్పు చెప్పాను. తెలియక కాదు, తెలిసే. లెక్క మొదలు మార్చాను. నా మనవరాలితో ఇంకో రెండు రోజులు ఉండాలని. మీలో పన్నెండు మంది నావల్ల ఒక రోజు కూలి పోగొట్టుకున్నారు."

ఒక విమానం వచ్చింది. అది పోయేదాకా ఎవరూ ఏమీ అనడానికి లేదు. డెబ్బై రెండేళ్ళలో నలుగురి ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. నిజం చెబుతున్నాను, ఆ విమానం కింద నిలబడి ఉండగా నాకు సిగ్గుతో పాటు ఇంకోటి కూడా అనిపించింది. ఈ పని సుగుణమ్మ చేయలేదు. ఇది నాదే.

విమానం పోయింది. ఆడవాళ్ళ వరసలో సుగుణమ్మ లేచి నిలబడింది.

"మా వదిన ఒక్కతే అనుకోకండప్పా. నాకు గురువారమే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నా. గీత తుడిచేసినా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బండిలో అందరూ చిన్నోళ్ళే. నాకు సమానంగా మాట్లాడేదానికి ఎవరుండారు? వదిన ఉండేది ఇంకో రెండు దినాలన్నా పొడుగైతే బాగుండునని నాకూ ఆశ పుట్టె. కాబట్టి సగం తప్పు నాది."

"స్తోత్రం," అన్నారు అందరూ. మేకకు అన్నంత గట్టిగా.

సగం తప్పు కూడా ఆమె పట్టుకుపోయింది.

నంజమ్మ వెనకనుంచి అంది: "కూలి పోతే పోయింది లెక్కలమ్మా, మెట్లు వచ్చినాయి కదా!" పాస్టరు నవ్వాపుకుంటూ బైబిలు తెరిచాడు.

ఆరాధన ముగిశాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికి దిగాను. దిగిన తరవాత గాని నాకది తట్టలేదు. సంచిలోంచి టేపు తీసి మెట్టు కొలిచాను. అయిదంగుళాలు. రెండోది అయిదు. మూడోది అయిదు. ఆ మీద గడపకు అయిదు. మొత్తం ఇరవై. ఇరవై అంగుళాల ఎత్తుకు ఎవరైనా రెండు మెట్లు కడతారు. నలభై ఏళ్ళు తాపీపని చేసిన మనిషికి ఆ సంగతి తెలియదా?

సుగుణమ్మ చెట్టు కింద గోనెసంచులు దులుపుతోంది. నా చేతిలో టేపు చూసింది.

"ఏం వదినా, సరిపోయినాయా?"

"సమంగానే ఉన్నాయి," అన్నాను.

యలహంక. సోమవారం, ఇరవై మూడు

పదిన్నరకు సందు చివర బండి ఆగింది. కరుణ నా సంచులు దించింది. ఎస్తేరు కిటికీలోంచి ఒక కాగితం ముద్ద చేతిలో పెట్టింది. తడిసి ఆరిన పడవ. అంకెలన్నీ చెదిరిపోయాయి, ఏది పదమూడో తెలియదు.

"దాచిపెట్టు నాన్నమ్మా. మళ్ళీ వచ్చేటప్పుడు తీసుకురా."

"రాయచూరులో ఎండలు జాస్తి. చలికాలం రా వదినా," అంది సుగుణమ్మ లోపలి నుంచి. "నీ పడక ఎవరికీ ఇవ్వను."

నా పడక అంది. అది తనది.

బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. మలుపు తిరిగేటప్పుడు లోపల ఎవరో నవ్వారు. ఏమన్నారో వినబడలేదు. కడుపులో అదే మంట మళ్ళీ రగిలింది, బండి ఎక్కిన రోజు ఎంతో అంతే. తగ్గిందని రాస్తే ఈ పుస్తకంలో రెండో తప్పు అవుతుంది.

సంచులు ఇంటి ముందుకు చేర్చుకుని, తాళం తీసి, కాలు ఎత్తబోయి ఆగాను. టేపు ఇంకా పై సంచిలోనే ఉంది. మా ఇంటి మెట్టు తొమ్మిదంగుళాలు. యాభై ఏళ్ళుగా ఎక్కుతున్నాను. కొలవడం అదే మొదటిసారి.